బొమ్మ వెంట కుప్పం దాకా

కొత్తగా బడుల్లో టీచర్లుగా చేరుతున్న మీకు ఇంటర్నెట్ భద్రత కూడా లెక్కల్లాగా, తెలుగులాగా ఒక పాఠం. మా కాలంలో అది ఉద్యోగం చివర్లో వచ్చి పడింది. అప్పటికి నేను పుంగనూరు దగ్గర ఒక పల్లెలో, ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. మదనపల్లెలో శిక్షణ ఉందని కబురొస్తే వెళ్ళాను. అక్కడ ఒక కుర్రవాడు తెరమీద బొమ్మలు వేసి, పాస్‌వర్డ్ ఎంత గట్టిగా పెట్టుకోవాలో చక్కగా చెప్పాడు. మా పిల్లలకు పాస్‌వర్డ్ లేదు. వాళ్ళకున్నది అమ్మ ఫోను. దాన్ని తెరవాలంటే నిద్రపోతున్న అమ్మ బొటనవేలు చాలు.

ఆ మాట చెబితే శిక్షణకు వచ్చినవాళ్ళంతా నవ్వారు. కుర్రవాడు మాత్రం నవ్వలేదు. "మరైతే వాళ్ళకు ఏం చెప్పాలంటారు మేడం?" అని నన్నే అడిగాడు. ఏం చెప్పాలో నాకూ తెలియదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అదే ఆలోచించాను. పిల్లలకు ఏం చెప్పాలో తెలియాలంటే, ముందు వాళ్ళకు ఏం తెలుసో నాకు తెలియాలి కదా.

మరుసటి రోజు నాలుగో తరగతిలో పాఠం మొదలుపెట్టకుండా ఒక ప్రశ్న వేశాను. "ఫోన్లో ఫోటో పంపిస్తే అది ఎక్కడికి పోతుంది?"

"టవర్ లోకి పోతాది మేడం" అన్నాడొకడు.

"కాదు మేడం, మా మామ ఫోన్లోకి పోతాది. ఆడ్నుంచి దుబాయికి పోతాది."

"యాడికీ పోదు మేడం, మన ఫోన్లోనే ఉంటాది కదా. పంపించినాక గూడా ఈడనే కనిపిస్తాది" అందొక పాప.

ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. నిజమే. పంపిన ఫోటో మన దగ్గరే ఉంటుంది, పోయినట్టు అనిపించదు. పెద్దవాళ్ళం మనం కూడా అందుకే కదా అంత తేలిగ్గా పంపేస్తాం!

అప్పటికప్పుడు ఒక ఆట తోచింది. ఒక కాగితం మీద తోక లేని పిల్లి బొమ్మ గీసి మొదటి బల్లలో పిల్లవాడికిచ్చాను. దాన్ని చూసి మరో రెండు గీసి ఇద్దరికివ్వాలి. వాళ్ళు మళ్ళీ చెరో రెండు గీసివ్వాలి. కాసేపటికి తరగతంతా పిల్లులు. తరగతి దాటి వరండాలోకి, ఐదో తరగతిలోకి, వంటగదిలోకి కూడా పోయాయి. మధ్యాహ్న భోజనం వండే ఆమె చేతికి ఒక పిల్లి వస్తే, ఆమె బొగ్గుముక్కతో దానికి తోక పెట్టి పంపింది. పిల్లలు విరగబడి నవ్వారు.

అప్పుడు గంట కొట్టి, "ఇంక ఆట అయిపోయింది. పిల్లులన్నీ నా బల్లమీదికి తెచ్చిపెట్టండి. ఒక్కటి కూడా మిగలకూడదు" అన్నాను.

పరుగులు పెట్టారు. ఒక పిల్లి పడవై కాలవలో తేలుతోంది. ఒకదాన్ని ఒకటో తరగతి బుడతడు నోట్లో పెట్టుకున్నాడు. ఇంకొకటి బడి ముందునుంచి పోతున్న పాల ఆటోలోకి చేరిందట. ఎన్ని పుట్టాయో ఎవరికీ తెలియదు కాబట్టి, అన్నీ వచ్చాయో లేదో కూడా ఎవరూ చెప్పలేకపోయారు. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నేనింక వివరించాల్సింది ఏమీ మిగల్లేదు.

మా బడిలో ఒక యువ ఉపాధ్యాయుడుండేవాడు. ఆ ఏడే వచ్చి చేరినవాడు, ఉత్సాహవంతుడు. ఆ ఆటంతా ఫోన్లో వీడియో తీశాడు. ప్రధానోపాధ్యాయుడికి అది తెగ నచ్చేసింది. ఆయన నా ఈడువాడే. బడికి మంచిపేరు వస్తుందంటే అన్నం కూడా మరచిపోయే మనిషి. ఆ సాయంత్రమే ఊరి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టేశాడు. ఇంటర్నెట్ భద్రత పాఠాన్ని ఇంటర్నెట్లో పెట్టేశామన్న విడ్డూరం ఆ సాయంత్రం మాలో ఒక్కరికీ తట్టలేదు.

మరుసటి ఉదయం ప్రార్థన అయిపోయాక ఒక పాప లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. రెండు జడలు వేసుకునే ఆ పాప ఆ ఏడాది మధ్యలో వచ్చి నాలుగో తరగతిలో చేరింది. తల్లీ కూతుళ్ళిద్దరే ఉండేవాళ్ళు. తల్లి మిగతా ఆడవాళ్ళతో కలిసి ఆటోలో మదనపల్లె టమోటా మండీకి పోయి కాయలు ఏరే పని చేసేది. పాప బాగా చదివేది, తక్కువ మాట్లాడేది. ఎప్పుడు ఫోటో తీసినా వంగి చెప్పు సర్దుకునేది, లేకపోతే పొడుగు పిల్ల వెనక చేరేది. సిగ్గు అనుకునేదాన్ని.

"ఏమ్మా, లోపలికి రా."

"మేడం, నిన్న ఎత్తిన వీడియోలో నేనుండానంట. పక్కింటోళ్ళు సూపించినారు."

"ఉన్నావు కదా! ఎంత బాగా నవ్వుతున్నావో."

ఆ పిల్ల మొహం చూశాక నా నవ్వు ఆగిపోయింది. ఆటలో పడి దాక్కోవడం మరచిపోయింది పాపం. బడిలో చేరాక అంతగా నవ్వింది ఆ ఒక్క రోజే.

"వెనక్కి తెప్పిచ్చండి మేడం" అంది. మళ్ళీ తనే, "అన్నీ రావు కదా?" అంది.

మధ్యాహ్నానికి తల్లి వచ్చింది. పక్కింటివాళ్ళు ఫోన్ చేసి చెబితే మండీలో పని వదిలేసి, చేతులకు టమోటా రసం ఎండిపోయి ఉండగానే వచ్చేసింది. ప్రధానోపాధ్యాయుడు ఆమెను కుర్చీలో కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"ఏముందమ్మా, మంచి వీడియోనే కదా. యాల ఇంత బయపడతాండావు?" అన్నాడు ఆయన, ఓదార్చినట్టుగానే.

ఆమె ఎడమచెయ్యి చాచి చూపించింది. మోచేతి దగ్గర ఎముక సరిగ్గా అతుక్కోలేదు. చెయ్యి నిటారుగా రావడంలేదు.

"ఈ పాప నాయన సేసిన పని సార్ ఇది. మాది గుడుపల్లె పక్క. చెప్పాపెట్టకుండా బిడ్డనెత్తుకొని వొచ్చేస్తి. ముందు కలికిరిలో ఉండాము. ఆడ బడిలో పండగనాడు ఫోటో ఎత్తి ఎవురో పెట్నారు. అది సూసుకొని వొచ్చినాడు. రాత్రికి రాత్రి బి.కొత్తకోటకి పోతిమి. ఆడ్నుంచి ఈడికి. అమ్మకి గూడా ఫోన్ సెయ్యను సార్, ఆయప్పకి తెలిసిపోతాదేమో అని."

ప్రధానోపాధ్యాయుడు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. తర్వాత ఫోన్ తీసి గ్రూపులోంచి ఆ వీడియో తొలగించాడు.

అక్కడితో అయిపోలేదని ముందురోజు పిల్లిబొమ్మలు మాకు నేర్పాయి కదా. యువ ఉపాధ్యాయుడు ఎవరూ చెప్పకుండానే బండి తీసి ఇల్లిల్లూ తిరిగాడు. తీసినవాణ్ణి నేనే మేడం, తిరగాల్సింది కూడా నేనే అన్నాడు. జనం మంచివాళ్ళే. కొందరు అక్కడికక్కడే తీసేశారు. ఒకాయన మాత్రం, "నిన్న మీరే పెడితిరి, ఈ పొద్దు మీరే తియ్యమంటారు. ఏం సార్, పొద్దు పోలేదా?" అని నిలదీశాడట. కారణం చెప్పడానికి లేదు. కారణం చెబితే అదీ ఊరంతా తిరుగుతుంది.

వంటామె తన అక్కకు పంపిందని సాయంత్రానికి తెలిసింది. "నేను పిల్లికి తోక పెట్టేది గూడా దాంట్లో ఉండాది కదా మేడం. మా అక్క సూసి నవ్వతాదని పంపిస్తిని" అంది. అక్క ఎక్కడుంటుందని అడిగాను.

"కుప్పంలో. గాజుల అంగడి పెట్టుకోని ఉండాది."

పాప తండ్రిది గుడుపల్లె పక్క. గుడుపల్లెకు కుప్పం ఎంత దూరం? ఆ పక్క పల్లెలవాళ్ళు గాజులకైనా గుడ్డలకైనా రావలసింది కుప్పానికే.

ఫోన్ చేస్తే చాలదా అని యువ ఉపాధ్యాయుడు అడిగాడు. మామూలుగా అయితే చాలు. కానీ ఆ వీడియోను ఆమె ఎవరికి చూపిందో, ఎవరేమన్నారో నాకు తెలియాలి. అవి మొహం చూసి అడగాల్సిన ప్రశ్నలు. పైగా ఒక బొమ్మ అంత దూరం ఎలా పోయిందో నా కళ్ళతో చూడాలన్న కుతూహలం కూడా లేకపోలేదు. మరునాడు ఆదివారం, పొద్దున్నే పుంగనూరులో బస్సెక్కి, పలమనేరులో మారి, కుప్పం చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. దారి పొడుగునా ఒకటే తలంపు. నాకు ఒక పూట పట్టిన దూరం ఆ పాప నవ్వుకు రెప్పపాటు పట్టింది.

గాజుల అంగడి బస్టాండుకు దగ్గరే. వంటామె అక్క అచ్చం చెల్లెలిలాగే ఉంది. నేనెవరో చెప్పగానే స్టూలు తుడిచి కూర్చోబెట్టింది, కాఫీ తెప్పించింది.

"ఆ వీడియో నేను ఎన్నిసార్లు సూసినానో మేడం! మా సెల్లి అట్ల నవ్వి ఎన్నాళ్ళాయెనో. స్టేటస్‌లో గూడా పెడితిని."

"దాని గురించి మిమ్మల్ని ఎవరైనా అడిగారా?"

"అడిగినాడు కదా, ఒకాయప్ప. నిన్న అంగడి కాడికే వొచ్చినాడు. ఎవురో సూపించినారంట. ఆ రెండు జడల పాప నా బిడ్డేనమ్మా, తప్పిపొయ్యింది, వెతకని ఊరు లేదని ఈడనే నిలబడి కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు. నాకు కడుపు తరుక్కుపొయ్యె. పుంగనూరు కాడ మా సెల్లి వంట సేసే బడి అని సెప్పి పంపిస్తిని." ఆమె మొహంలో ఒక మంచిపని చేసిన తృప్తి కనిపించింది. "పొయ్యినాడా మేడం? బిడ్డ కనిపించిందా?"

ఆమెనేమనాలి? ఏడుస్తున్న తండ్రికి బిడ్డ జాడ చెప్పింది. ఆ స్థానంలో నేనున్నా చెప్పేదాన్నేమో.

"ఆ బిడ్డ తప్పిపోలేదమ్మా" అన్నాను. అంతకంటే ఒక్క మాట కూడా చెప్పలేదు.

ఆమె నా మొహంలోకి చూసింది. చేతిలోని గాజుల డబ్బా మెల్లగా కింద పెట్టింది. ఆడది, అర్థమైపోయింది. "అయ్యో దేవుడా, ఎంత పని సేస్తిని" అంటూ ఫోన్ తీసి నా ఎదురుగానే ఆ వీడియో తుడిచేసింది. తర్వాత, తను ఎవరెవరికి పంపిందో వాళ్ళందరికీ ఒక్కొక్కరికే ఫోన్ చేసి, "మా సెల్లి వీడియో తీసేయండి, దిష్టి తగిలి దానికి జొరమొచ్చింది" అని చెప్పుకుంటూ పోయింది. ఇల్లిల్లూ తిరిగినా మాకు దొరకని కారణం ఆమెకు ఒక్క క్షణంలో దొరికింది. దిష్టి అంటే ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు.

బస్టాండు నుంచే ప్రధానోపాధ్యాయుడికి ఫోన్ చేశాను. "ఆయనకు బడి తెలిసిపోయింది సార్." "నేను ఆయమ్మ ఇంటికి పోతాండాను. మీరు నేరుగా ఆడికే వొచ్చేయండి" అన్నాడు.

నేను వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. గుమ్మంలో బట్టల మూట కట్టి ఉంది. మూట మీద పాప కూర్చుని ఉంది. తల్లి చెయ్యి పట్టి లాగుతోంది, పిల్ల కదలడంలేదు.

"నేను రాను. ఎన్ని బడులు మారేది? ఈడ అందరి పేర్లూ ఇప్పుడే నేర్సుకుంటి."

"సెప్పిన మాట ఇను తల్లీ. బిరీన లెయ్యి."

ప్రధానోపాధ్యాయుడు వాకిట్లో బండరాయి మీద కూర్చుని ఉన్నాడు. అప్పటిదాకా ఆయనలో నాకు తెలిసినవి జెండా పండుగలూ, పూలదండలూ. ఆ రోజు ఆయన మాట్లాడిన తీరు ఇంతకుముందు వినలేదు. "మూడు ఊర్లు నువ్వు వొదిలిపెడితివి. ఈ సారి ఆయప్ప ఎనక్కి పోనీ. మేముండాము. పోలీసులకి సెప్పుకుందాం రామ్మా."

"నా మాట ఎవురింటారు సార్?"

"ఇనేదాకా నేను ఆడ్నుంచి లెయ్యను."

ఆమె మూట వైపు చూసింది, దానిమీద బిడ్డ వైపు చూసింది. అప్పుడు వంగి మూట ముడి విప్పింది.

గ్రామ సచివాలయంలో పనిచేసే మహిళా పోలీసు ఒకమ్మాయి వెంటవచ్చింది. పుంగనూరు స్టేషన్లో ఫిర్యాదు రాయించాం. ప్రధానోపాధ్యాయుడు అన్నమాట ప్రకారం, అది తీసుకునేదాకా బెంచీ మీంచి లేవలేదు.

అతను ఆ వారంలోనే వచ్చాడు, పిల్లలకు ఆటల గంట కొట్టినప్పుడు. నిజం చెప్పాలంటే నేను ఒక రాక్షసుణ్ణి ఊహించుకుని ఉన్నాను. తెల్ల చొక్కా, తల నున్నగా దువ్వి, చేతిలో మిఠాయి పొట్లం. గేటు దగ్గర కిందపడిన ఒక చిన్నపిల్లను లేపి, మోకాలి దుమ్ము దులిపాడు. ఇంత మెత్తని చేతులేనా అనిపించి, కళ్ళార్పకుండా చూస్తూ ఉండిపోయాను. ఇప్పటికీ నాకు విడని చిక్కుముడి అది. ఫోన్లో కొత్తవాళ్ళు చెడ్డవాళ్ళు కావచ్చని పిల్లలకు చెబుతాం. చెడ్డవాడు చెడ్డగా కనిపించడని చెప్పడం ఎలా?

అతను ఫోన్ తెరిచి వీడియో చూపించాడు. "ఇదో, ఈ పాప నా బిడ్డ. రవంత పిలవండమ్మా."

మా యువ ఉపాధ్యాయుడు అప్పటికే పక్కకు పోయి స్టేషనుకు ఫోన్ చేస్తున్నాడు. ప్రధానోపాధ్యాయుడు కుర్చీ వేశాడు. "కూర్సోప్పా. పిలిచేది మా సేతిలో లేదు."

"కన్నబిడ్డను సూసే హక్కు గూడా లేదా సార్ నాకు?"

"ఉంటే కోర్టులో అడుగు. ఈడ కాదు."

అతని గొంతు మెల్లగా పెరిగింది. మిఠాయి పొట్లం బల్లమీద కొట్టినట్టు పెట్టాడు. ఆ చప్పుడుకు పిల్లలంతా వరండాలో గోడకు అంటుకున్నారు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. నా వెనక చీర కొంగు ఎవరో పట్టుకున్నట్టు తెలిసింది. ఆ పాపే.

"నాయనా" అంది, నా వెనకనుంచే. "అమ్మ సెయ్యి ఇంకా వంకరగానే ఉండాది."

అంతే అంది. ఏడ్చి అంగడి ఆమెను నమ్మించిన మనిషికి ఆ పిల్ల ముందు ఏడుపు రాలేదు. పోలీసులు వచ్చేదాకా నేల చూస్తూ కూర్చున్నాడు. స్టేషనుకు తీసుకుపోయారు, కేసు పెట్టారు, ఆ ఊరి పొలిమేరలో కనిపించకూడదని గట్టిగా చెప్పి పంపారు. కేసు ఏళ్ళ తరబడి నడిచే సంగతి మీకు తెలిసిందే. నేనున్నంత కాలం మాత్రం అతను మళ్ళీ రాలేదు.

బడిలో కొన్ని మారాయి. ప్రధానోపాధ్యాయుడు ఫోటో తీయాలంటే పిల్లల్ని ఒక్కొక్కరినే అడగడం మొదలుపెట్టాడు. దాంతో జెండా పండుగనాడు ఫోటో పూర్తయ్యేసరికి మిఠాయిలకు చీమలు పట్టాయి. ఒకటో తరగతి బుడతడొకడు, ఆయన బతిమాలుతుంటే సరదాగా ఉందని, ప్రతిసారీ "వొద్దు సార్" అనేవాడు. ఆయన విసుక్కోకుండా సరేనని వాణ్ణి పక్కన నిలబెట్టేవాడు. ఫోటో తీశాక వాడు తను కనపడలేదని ఏడ్చేవాడు.

ఒక శనివారం సాయంత్రం పాప తల్లి బడికి వచ్చి, చివరి బల్ల దగ్గర నిలబడింది. "మేడం, బిడ్డలకి సెప్పే పాఠం నాకు గూడా సెప్తారా? ఇన్నాళ్ళు ఆ ఫోనంటే పాము అనుకుంటిని. పట్టుకునేది ఎట్లో తెలిస్తే పామైనా ఏం సేస్తాది?"

ఆమెకు నేర్పుతుంటే మండీకి పోయే మిగతా ఆడవాళ్ళు కూడా చేరారు. అక్కర్లేనివాడు ఫోన్ చేయకుండా ఎలా ఆపాలి, స్టేటస్ ఎవరు చూడాలో ఎలా పెట్టుకోవాలి, బిడ్డ ఆట ఆడుతూ ఎవరితో మాట్లాడుతోందో ఎలా కనుక్కోవాలి, ఇవే మా పాఠాలు. వాళ్ళు అడిగే ప్రశ్నలకు సగం సార్లు నా దగ్గర జవాబుండేది కాదు. యువ ఉపాధ్యాయుడు, నేనూ ఫోన్ మీద తలలు వంచి వెతికేవాళ్ళం.

అలా ఒకరోజు వీడియో కాల్ నేర్పుతున్నప్పుడు, ఎవరికి చేస్తావని ఆమెను అడిగాను. చాలాసేపు ఆలోచించి, గుడుపల్లె పక్కనున్న తమ్ముడి నంబరు నొక్కింది. ఊరు వదిలాక మొదటిసారి. తమ్ముడు ఒక్క క్షణం నమ్మలేక, "అక్కా!" అని అరిచి, ఫోన్ పట్టుకుని పరుగెత్తాడు. తెరమీద వాకిలి, కోళ్ళు, ఆకాశం తలకిందులుగా ఊగాయి. తర్వాత ఒక ముసలి గొంతు వినిపించింది. మొహం కనిపించలేదు. ఆమె తల్లి, అలవాటుకొద్దీ ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుంది. తెరనిండా ముడతలు పడిన ఒక చెవి, దానికి ఎర్రరాయి కమ్మ.

"అమ్మా, ఎట్లుండావే? యాడుండావే? బిడ్డ ఎట్లుండాది?" అని ఆ గొంతు అడుగుతోంది.

పాప ఫోన్ మీదికి వంగి, ఆ చెవి దగ్గరగా నోరు పెట్టి, గట్టిగా చెప్పింది.

"అవ్వా, సెవిలోంచి తియ్యి. మా అమ్మ నిన్ను సూడాలంట."